కుందేళ్ళ పంజరంలో కడిగినా పోని కంపు

రోజూ ఫినాయిల్‌తో కడుగుతున్నా పంజరం మర్నాటికే ఘాటుగా కంపు కొడుతోందని రాశారు. దానికి మూలం పెంటికలు కాదు, అడుగు ట్రే మూలల్లో పేరుకున్న తెల్లటి గార. కుందేలు తిండిలో ఎక్కువైన కాల్షియం మూత్రంలోనే బయటికి పోతుంది కనుక అది ఆరి సున్నంలా గట్టిపడుతుంది. సబ్బుకూ ఫినాయిల్‌కూ కరగని ఆ గారలో మూత్రం ఇంకి, అమ్మోనియా పుడుతూనే ఉంటుంది.

1. కుందేళ్ళను వేరే చోటికి మార్చి, ట్రేను బయటికి తీయండి.

2. గార మీద తెల్ల వెనిగర్ పోసి అరగంట నాననివ్వండి. చాలామంది వదిలేసేది ఈ నానబెట్టడమే. పోసిన వెంటనే రుద్దితే పైపొర మాత్రమే ఊడి, అడుగున ఉన్నది అలాగే మిగిలిపోతుంది. నానిన తరువాత బ్రష్‌తో రుద్ది, మంచినీళ్ళతో బాగా కడగండి. వెనిగర్‌లో బ్లీచింగ్ పౌడర్ ఎంతమాత్రం కలపవద్దు, క్లోరిన్ విషవాయువు వెలువడుతుంది.

3. ట్రే పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టండి. మన శ్రీకాకుళం తీరపు తేమలో, ముఖ్యంగా వానాకాలంలో, అది త్వరగా ఆరదు కాబట్టి రెండో ట్రే ఉంచుకోండి.

వారానికొకసారి ఇలా చేస్తే చాలు. ఫినాయిల్ మాత్రం దయచేసి ఈ రోజే మానేయండి. ఆ ఘాటును కుందేళ్ళ శ్వాసనాళాలు తట్టుకోలేవు.