ఇంట్లో అయ్యప్ప మాల ఉన్నప్పుడు వెనీలా కేక్ చేయొచ్చా? అందులో ఆల్కహాల్ ఉంటుందా?

మావారు మాలలో ఉన్నారు, బాబు పుట్టినరోజుకి గుడ్డు లేని కేక్ చేద్దామంటే వెనీలాలో మందు కలుస్తుందని పక్కింటావిడ అన్నారు, నిజమేనా అని అడిగారు కదా. నేను విశాఖ ఎంవీపీ కాలనీలో ఆరేళ్లుగా ఇంట్లోనే కేకులు చేసి ఇస్తున్నాను. కార్తీకం వచ్చిందంటే ఈ ప్రశ్న తప్పదు.

ముందు మీ సీసా తిప్పి, వెనకాల ఏం రాశారో చదవండి. మన కిరాణా కొట్లలో దొరికే చిన్న సీసా ఎసెన్స్‌లో చాలావరకు వెనీలా కాయే ఉండదు. వెనిలిన్ అనే వాసన పదార్థాన్ని ఎక్కువగా ప్రొపైలిన్ గ్లైకాల్‌లో కలుపుతారు (లేబుల్ మీద 1520 అని ఉంటే అదే). కొన్నిట్లో ఆల్కహాలూ ఉంటుంది, అందుకే చదవమంటున్నాను. ఆకుపచ్చ చుక్క చూసి నమ్మేయకండి, అది శాకాహారమని చెబుతుందంతే.

ఎక్స్‌ట్రాక్ట్ అని రాసి ఉంటే కథ వేరు. వెనీలా కాయల్ని ఆల్కహాల్‌లో నానబెట్టి తీసేది అది. అమెరికా నిబంధన ప్రకారం అందులో కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి. మా ఆడపడుచు అక్కడి నుంచి ఒక సీసా తెచ్చింది. మూత తీయగానే ముందు ఘాటు, తర్వాతే వెనీలా. "ఇదేంటే, మీ మావయ్య సీసాలా ఉంది" అన్నారు మా అత్తగారు. నవ్వేసి, ఒక ఆర్డర్ కేక్ క్రీములో రెండు చెంచాలు పోసేశాను. రాత్రి ఆ ఆర్డర్ ఇచ్చినావిడ ఫోన్: "మా ఇంట్లో స్వామి ఉన్నారని చెప్పాను కదమ్మా, క్రీము అదోలా వాసనొస్తోంది." క్రీము పొయ్యెక్కదు, పోసింది పోసినట్టే ఉంటుంది. డబ్బులు వెనక్కిచ్చేశాను.

కేక్ పిండిలో కలిపితే అంత ఉండదు. చెంచా అంటే 5 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాల్ 1.75. పిండిలో కలిపి అరగంట వండితే మూడో వంతు పైచిలుకు మిగులుతుందని అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక. పన్నెండు ముక్కలు కోస్తే ముక్కకి ఒక చుక్క. ఆ మాటకొస్తే స్వాములు రాత్రి తినే ఇడ్లీ పిండి పులిసేటప్పుడూ కాస్త ఆల్కహాల్ పుడుతుంది. అయినా లెక్క వేరు, నియమం వేరు. సందేహముంటే గురుస్వామిని అడగండి.

ఒక్కచోట మాత్రం చుక్కేగా అనుకోవద్దు. ఇంట్లో ఎవరైనా తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ మాత్రలు వేసుకుంటుంటే ఎక్స్‌ట్రాక్ట్, రమ్ము పోసిన ప్లమ్ కేక్, కొన్ని దగ్గు సిరప్‌లు కూడా పడవు. డాక్టర్‌ని అడక్కుండా పెట్టకండి.

మాల రోజుల్లో నేనైతే వెనీలా జోలికే పోను. అరకిలో కేక్‌కి ఎనిమిది యాలకులు, పొట్టు తీసి, చెంచా పంచదార వేసి మెత్తగా దంచి పిండిలో కలపండి.