రేసుల జట్టు, కాలువ గట్టు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గోదావరి డెల్టాలో ఉద్యోగాలు, చదువులు చేసుకుంటూనే తెల్లవారుజామున సైకిలు సాధన చేసే ఔత్సాహిక జట్ల నుంచి, వారి కుటుంబాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. రేసుల గురించి రాసినవారు కూడా చివరకు నీటి గురించి, దారి పక్క చెత్త గురించి అడిగారు. అందుకే వాటన్నిటికీ ఈ సంచికలో ఒకేచోట జవాబులిస్తున్నాను.

ప్రశ్న: కోనసీమలో మాకు ఎత్తు అంటే వంతెన ఎక్కడమే. కొండ దారుల్లో సాధన చేసేవారితో పోటీ పడాలంటే ఏడాదిని ఎలా విభజించుకోవాలి?
– జట్టు కార్యదర్శి, అమలాపురం

జవాబు: కొండ లేకపోవడం లోటే, కాదనను. అయితే చదునైన దారిలో వేగంగా పోయే సైకిలిస్టు శక్తిలో ఎక్కువ భాగం గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది, ఆ గాలికి మీ ప్రాంతంలో కొదవ లేదు. గాలి నిరోధం వేగానికి వర్గంగానూ, దాన్ని అధిగమించడానికి క్షణక్షణం కావలసిన శక్తి ఘనంగానూ పెరుగుతాయి కనుక, వేగం రెట్టింపయితే గాలి కోసం వెచ్చించవలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రం వైపు నుంచి గాలి మొదలవుతుంది. చలికాలంలో ఆ వేళకు అమలాపురం నుంచి ఓడలరేవు దిక్కుగా ఒకే లయతో, వేగం చూసుకోకుండా శ్రమను మాత్రమే చూసుకుంటూ తొక్కితే, అది ఎత్తు ఎక్కడానికి చాలా దగ్గరగా ఉండే సాధన. ఒకరి వెనుక ఒకరు గాలి చాటున చేరి, ముందున్నవారు తమ వంతు కాగానే పక్కకు తప్పుకొని వరుస చివరకు చేరే పద్ధతిని కూడా ఆ దారిలోనే నేర్చుకోవచ్చు. పక్కగాలికి ఏటవాలుగా వరుస కట్టడం మాత్రం వాహనాలు తిరిగే మన ఇరుకు రోడ్ల మీద వద్దు. నిజమైన ఎక్కుడు, అంతకంటే ముఖ్యంగా మలుపుల్లో బ్రేకు పట్టుకుని దిగడం అలవాటు కావడానికి, రేసులకు ముందు కొన్ని ఆదివారాలు రాజమహేంద్రవరం మీదుగా మారేడుమిల్లి ఘాట్ రోడ్డుకు వెళ్లండి.

ఏడాది విభజన విషయానికి వస్తే, డెల్టాలో దాన్ని వానలూ, కోతలూ, కాలువలూ నిర్ణయిస్తాయి. అక్టోబరు, నవంబరు తుపానుల భయం తీరాక, నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా మీ అసలు రేసుల కాలం. అందులో సంక్రాంతి రోజులు వదిలేయండి. ఊళ్లన్నీ బంధువులతో నిండి, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం కదిలే వేళ రోడ్డు మీద రేసు పెట్టడం తగదు. మార్చిలోనూ, ఏప్రిల్ మొదటి రోజుల్లోనూ ఒక్కొక్కరుగా కాలంతో పోటీపడే టైమ్ ట్రయల్స్‌ను ఎండ రాకముందే ముగించుకోవచ్చు. ఏప్రిల్ నడిమి నుంచి వానలు పడేదాకా రేసులు మానేయండి. ఆ నెలన్నరకు మరో పని ఉంది, అది భీమవరం పాఠకుడికి రాసిన జవాబులో చెబుతాను. జూన్ తరువాత ఓపిక పెంచే దూరాల మీద దృష్టి పెట్టండి. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ నియమాలతో మన దేశంలోనూ జరిగే బ్రెవే సవారీల్లో 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి. అందులో గెలుపోటములు లేవు గాని, రేసర్లకు అది మంచి పునాది.

ప్రశ్న: విదేశీ రేసుల్లో ఖాళీ బాటిళ్లు దారి పక్కకు విసరడం చూసి మా పిల్లలూ అలాగే చేస్తున్నారు. మందలిస్తే రేసుల్లో అది మామూలేనంటున్నారు.
– ఒక శిక్షకుడు, రామచంద్రపురం

జవాబు: మామూలుగా ఉండేది, ఇప్పుడు కాదని వారికి చెప్పండి. ప్రపంచ సైక్లింగ్‌ను నడిపే అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ 2021 ఏప్రిల్ 1 నుంచి, కేటాయించిన చోట తప్ప మరెక్కడా బాటిళ్లు, చెత్త పారవేయకూడదని నియమం అమలు చేసింది. ఆ వారంలోనే బెల్జియంలో జరిగిన టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ రేసులో, దారి పక్కనున్న అభిమానుల వైపు బాటిల్ విసిరినందుకు ఒక స్విట్జర్లాండ్ రేసరును పోటీ నుంచే తొలగించారు. తరువాత శిక్షను కొంత సడలించారు గాని నిషేధం నిలిచే ఉంది.

మన దగ్గర దీనికి మరో కారణం కూడా ఉంది. ఐరోపాలో రోడ్డు పక్కన పడిన జెల్ (రేసర్లు సత్తువ కోసం తినే తీపి ముద్ద) రేకును ఎవరో ఒకరు ఏరుతారనుకుందాం. ఇక్కడ అది గాలికి బోదెలో పడి, అక్కడి నుంచి చేలోకో కాలువలోకో చేరుతుంది. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అంటించి చేసిన ఆ రేకు మట్టిలో కలవదు, పాత సామాను కొనేవారూ దాన్ని తీసుకోరు. తిన్నదాని రేకు జెర్సీ వెనుక జేబులోకి వెళ్లాలన్నది జట్టు నియమంగా పెట్టండి, తప్పినవారిని తరువాతి రేసులో దింపకండి. అసలు సాధన రోజుల్లో జెల్‌ల అవసరమేముంది? రావులపాలెం అరటి మార్కెట్టు పక్కన పెట్టుకున్నవారు మీరు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ కనుక చెమట బాగా పట్టే రోజుల్లో చిటికెడు ఉప్పు కలిపి తాగించండి.

ప్రశ్న: మా జట్టు ఏటా జూన్ 5న, పర్యావరణ దినోత్సవం సందర్భంగా కాలువ గట్టు శుభ్రం చేస్తుంది. వారం తిరగకుండానే అదే చోట మళ్లీ చెత్త పేరుకుంటోంది. ఇదంతా వృథా ప్రయాసేనా?
– జట్టు నాయకుడు, భీమవరం

జవాబు: ప్రయాస వృథా కాదు, ఎంచుకున్న రోజు సరైనది కాదు. వేసవిలో, దాళ్వా (రబీ వరి) పంట చేతికొచ్చాక, సాధారణంగా ఏప్రిల్ రెండో భాగంలో డెల్టా కాలువలు కట్టేస్తారు. లాకుల మరమ్మతులు, పూడికతీత ఆ వ్యవధిలోనే జరగాలి. జూన్ 5 నాటికి కాలువలకు నీరు వదిలేసో, వదలబోతూనో ఉంటారు. అప్పటికి అడుగున ఉన్నదంతా నీటి కింద ఉంటుంది కనుక మీ చేతికి గట్టు మీది సంచులు మాత్రమే దొరుకుతాయి. కాలువ అడుగు బయటపడే ఆ కొద్ది వారాలే అసలు పనికాలం, రేసులు ఉండని కాలమూ అదే. ఈ రెండూ కలిసి రావడాన్ని వదులుకోకండి.

అయితే ఒక జట్టు మొత్తం కలిసి ఎంత ఏరినా ఒక వంతెన దగ్గరి చెత్తకు సరిపోదు. మీరు చేయగలిగిన మేలు అంతకంటే పెద్దది. ఏడాది పొడవునా ఒకే గట్టు మీద, ఒకే వేళకు, నీటిని చూడగలిగేంత నెమ్మదిగా మీరు వెళ్తుంటారు. కాలువలు చూసే లస్కర్లు తగినంత మంది లేని చోట, ఏ తూము దగ్గర ఎప్పటి నుంచి గుర్రపుడెక్క అడ్డుపడిందో, ఏ మలుపులో కోళ్ల వ్యర్థాలు పడేస్తున్నారో మీకు తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు. ఆ తెలివిడిని రాతలో పెట్టండి. వారానికొకసారి, ఎంచుకున్న కొన్ని చోట్ల, అదే స్థలంలో నిలబడి అదే దిక్కుగా ఫోటో తీయండి. తేదీ, వంతెన లేదా లాకు పేరు, చెత్త ఏ రకమైనదీ, నీరు పారుతోందా నిలిచిందా అన్నవి నోటుపుస్తకంలో రాయండి. నాలుగు నెలల తరువాత ఆ పుస్తకం ఒక్క రోజు ఊరేగింపు కంటే ఎక్కువ పనిచేస్తుందని నా గట్టి నమ్మకం.

అర్జీ ఎవరికి పెట్టాలన్న దగ్గర చాలామంది పొరబడుతున్నారు. పంట కాలువ వేరు, మురుగు కాలువ వేరు. ధవళేశ్వరం నుంచి నీరు తెచ్చే కాలువలను జల వనరుల శాఖ ఇరిగేషన్ విభాగం చూస్తుంది; మీ ఊరి యనమదుర్రు వంటి డ్రెయిన్లు అదే శాఖలో డ్రైనేజీ విభాగం కిందికి వస్తాయి. వాటిలోకి వదిలే పట్టణ మురుగుకు పురపాలక సంఘం, పరిశ్రమల వ్యర్థాలకు కాలుష్య నియంత్రణ మండలి జవాబు చెప్పాలి. కలెక్టరు కార్యాలయంలో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఫోటోలతో సహా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగి రైతుల నీటి సంఘాలు మళ్లీ ఏర్పడ్డాయి కనుక, మీ పరిధిలోని సంఘం అధ్యక్షుణ్ణి కూడా కలవండి. ఇదంతా మార్చిలోపే జరగాలి, ఎందుకంటే కాలువలు కట్టేశాక చేసే పనుల అంచనాలు అంతకు ముందే తయారవుతాయి. మీ కాలువకు ఏ పనులు మంజూరయ్యాయో సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

చెత్త వేసేవారి మొహాలు ఫోటో తీసి పదిమందికీ పంపే పని మాత్రం చేయకండి. ఊళ్లో చెత్తబండి రాని వీధివారు కాలువనే ఆశ్రయిస్తారు. వారిని అవమానించే ముందు ఆ వీధికి బండి ఎందుకు రావడం లేదో పంచాయతీని అడగాలి. గ్రామస్థులతో మాట్లాడేటప్పుడు పర్యావరణం అనే పెద్దమాట కంటే మంచినీటి చెరువు గురించి చెప్పండి. తీరానికి దగ్గరి ఊళ్లలో భూగర్భ జలం ఉప్పన, కాలువలు కట్టేసే ముందు నింపుకున్న చెరువు నీరే వేసవంతా తాగాలి. 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టా పంటకూ, గొంతుకూ ఈ కాలువలే ఆధారం, వాటిలో వేసినది తిరిగి బిందెలోకే వస్తుంది.

కాలువలో దిగేటప్పుడు మోకాళ్ల దాకా బూట్లు, మందపు చేతితొడుగులు తప్పనిసరి. గాజుపెంకులు, వాడిపడేసిన సూదులు, పాములు ఉంటాయి. తీసినది గట్టు మీద కుప్ప పోయవద్దు, తొలివానకే అది మళ్లీ కాలువలో పడుతుంది. తగలబెట్టనూ వద్దు. పంచాయతీ ట్రాక్టరు వస్తుందన్న మాట ముందుగా తీసుకున్నాకే పని మొదలుపెట్టండి.

ప్రశ్న: మా అమ్మాయి జట్టులో తొక్కుతుంది. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీద సైకిలు జారి పడింది. ఆ రైతుతో జట్టువాళ్లు గొడవపడ్డారట. తప్పెవరిదండీ?
– ఒక తల్లి, రాజోలు

జవాబు: అమ్మా, ముందుగా అమ్మాయి త్వరగా కోలుకోవాలి. రోడ్డు మీద ధాన్యం, దాని చుట్టూ రాళ్లు రెండు చక్రాల వాహనాలకు ప్రమాదమే, అందులో సందేహం లేదు. కానీ ప్రభుత్వ కొనుగోలులో ధాన్యం తేమ 17 శాతానికి మించకూడదు. సార్వా (ఖరీఫ్ వరి) కోతల వేళ తుపాను హెచ్చరిక వస్తే, కళ్లం లేని కౌలురైతుకు తారురోడ్డు తప్ప దారి ఉండదు. జట్టు ఆ రైతు ఇంటికి వెళ్లి మాట్లాడటం మంచిది. కోతల రోజుల్లో ఆ గట్టు దారులు వదిలి వేరే మార్గం పట్టడం, ఆరబెట్టే కళ్లాలూ టార్పాలిన్లూ కావాలని రైతులతో కలిసి అడగడం జట్టు చేయవలసిన పనులు. కాలువల కోసం అర్జీ పెట్టే రోజున మీ పక్కన నిలబడవలసింది ఆ రైతులే.

ప్రశ్న: జెర్సీలకూ, రేసు ఖర్చులకూ ఒక రొయ్యల మేత వ్యాపారి డబ్బిస్తానంటున్నారు. మేమేమో ఉప్పునీటి చెరువుల వల్ల పంట కాలువలు పాడవుతున్నాయని మాట్లాడేవాళ్లం. తీసుకోవచ్చా?
– జట్టు సభ్యులు, నరసాపురం

జవాబు: రొయ్యల సాగు అంతటినీ శత్రువుగా చూడటం సరికాదు, మీ జట్టులోనే ఆ ఆదాయంతో చదువుకున్నవారు ఉంటారు. అభ్యంతరం ఉండవలసింది అనుమతి లేని చెరువుల మీద, వాడిన ఉప్పునీటిని శుద్ధి చేయకుండా పంట కాలువలోకి వదలడం మీద. తీరప్రాంతంలో ఉప్పునీటి సాగుకు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ దగ్గర నమోదు తప్పనిసరి. కొల్లేరు ఉదాహరణ మన కళ్లెదుటే ఉంది: 1999లో అభయారణ్యంగా ప్రకటించినా, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరినా, 2006లో చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తెగ్గొట్టవలసి వచ్చింది.

అందువల్ల ఆ వ్యాపారితో దాపరికం లేకుండా మాట్లాడండి. జట్టు ఏ కాలువ గురించి, ఏ చెరువు గురించి అయినా రాస్తుంది, అర్జీ పెడుతుంది, దానికీ ఈ డబ్బుకూ సంబంధం లేదు అన్న ఒక్క వాక్యాన్ని ఒప్పందంలో రాయించండి. ఆయన ఒప్పుకొంటే సంతోషంగా తీసుకోండి. వెనకాడితే పాత జెర్సీలతోనే రేసుకు వెళ్లండి. నోరు కట్టేసుకుని వేసుకునే కొత్త జెర్సీ మీ జట్టుకు తగదు.

ప్రశ్న: వచ్చే జనవరిలో కోరింగ మడ అడవుల్లో రేసు పెడితే ప్రచారం బాగుంటుందని అనుకుంటున్నాం. అనుమతి ఎవరిస్తారు?
– నిర్వాహకులు, కాకినాడ

జవాబు: అడగకపోవడమే మంచిదని నా సలహా. కోరింగ 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. నీటిపిల్లులు, వలసపక్షులు ఉండే చోట ఈలలు, మైకులు, వెంటవచ్చే మోటారు బళ్లు తగవు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరపు ఇసుకలో గుడ్లు పెట్టే కాలం కూడా కనుక, ఇసుక మీద దీపాలు, డేరాలు వేసే ఆలోచన ఉంటే దాన్నీ విరమించండి. కాకినాడ–ఉప్పాడ రోడ్డును సముద్రం పదేపదే కోసేస్తున్నందున దాన్ని నమ్ముకుని మార్గం వేయడం కష్టం.

రేసును పోలీసులు, రోడ్లు భవనాల శాఖ అనుమతితో ఊరి లోపల, మూసివేసిన చిన్న చుట్టుదారిలో క్రైటీరియంగా పెట్టండి. ఒకే చోట ఎన్నో చుట్లు తిరిగే పోటీ కనుక చూసేవారికి ఆసక్తి, వెంట బళ్ల అవసరం లేదు, చెత్త అంతా ఒక్క వీధిలోనే ఉంటుంది కాబట్టి సాయంత్రానికి ఏరేయవచ్చు. మరునాడు కావాలనుకున్నవారు కోరింగ గేటు దాకా సైకిళ్ల మీద వెళ్లి, టిక్కెట్టు తీసుకుని, చెక్క వంతెన మీద నడిచి మడ చెట్ల ఊపిరి వేళ్లను చూసి రావచ్చు.