లల్లా-రూఖ్‌లో మన గజ్జెలకు పనేమిటి?

ప్రశ్న: నేను అమెరికాలో కూచిపూడి నేర్పుతాను. ఇక్కడి కళాశాల సంగీత విభాగం వారు ‘లల్లా-రూఖ్’ అనే పాత ఫ్రెంచి ఒపేరా (పాటలతో నడిచే నాటకం) వేస్తూ, నాట్యానికి మా విద్యార్థినులను పిలిచారు. ఢిల్లీ రాకుమారి పెళ్లి ప్రయాణం కథట. భారతదేశాన్ని ఎన్నడూ చూడనివారు ఊహించి రాసిన దాంట్లో మా పిల్లలు అలంకారంగా నిలబడాలా?
- ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అలంకారంగా అయితే వద్దమ్మా. పాత్రలుగా అయితే తప్పకుండా వెళ్లండి.

థామస్ మూర్ 1817లో రాసిన కావ్యం దీనికి మూలం. ఫెలిసియెన్ దావిద్ సంగీతంతో 1862 మే 12న పారిస్‌లోని ఒపేరా-కామిక్ నాటకశాలలో మొదటిసారి ఆడింది. ఆ రోజుల్లో జనం విరగబడి చూశారు. ఆ తరువాత దాదాపు అందరూ మరిచిపోయారు. దావిద్ తిరిగిన తూర్పు ఈజిప్టు వైపు, మన వైపు రాలేదు. అందుకే ఆ పాటల్లో మన రాగాలు వెతికితే నిరాశే. అయినా ఆ సంగీతంలో వెక్కిరింత లేదు. గాయకుడి వేషంలో ఉన్న పెళ్లికొడుకు, రాజు నూరెద్దీన్, రాకుమారి గుడారం విడిచి వెళ్లిందని పాడే పాట వినండి. ఎంత నెమ్మది, ఎంత మర్యాద!

మీకంటే ముందు నడిచినవారూ ఉన్నారు. 2013 జనవరిలో వాషింగ్టన్‌కు చెందిన ఒపేరా లఫాయెట్ సంస్థ దీన్ని మళ్లీ వేదిక ఎక్కించినప్పుడు నాట్యం చేసింది అనురాధా నెహ్రూ గారి కళానిధి డాన్స్. అదీ కూచిపూడి బృందమే. రయన్ బ్రౌన్ సంగీత నిర్వహణలో నాక్సోస్ సంస్థ రికార్డు కూడా వచ్చింది. ఒప్పుకునే ముందు అది ఒకసారి పూర్తిగా వినండి.

ఇక అసలు సంగతి. ఈ ఒపేరాలో పాటకూ పాటకూ మధ్య మాటలుంటాయి. మన యక్షగానంలో దరువు అనే పాట, వెంటనే వచనం ఉన్నట్టే. తాళం వేస్తూ నాట్యాన్ని నడిపే నట్టువాంగం పట్టి బతికినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆటకు ప్రాణం ఆ మాటల్లోనే ఉంటుంది. పాటలు ఫ్రెంచిలోనే ఉంచి వేదిక పైభాగాన అనువాదం చూపించమనండి. మాటలు మాత్రం ఇంగ్లిషులో, బాగా కుదించి, కొత్తగా రాయించమనండి. హాస్యమంతా మోసే బస్కిర్ రాకుమారికి కాపలాగా వచ్చిన రాయబారి. పెళ్లికూతురు చేజారితే రాజు తల తీయిస్తాడని వణికే ఉద్యోగి. ఆ భయాన్ని నిజమైన భయంగా నటిస్తే న్యూజెర్సీ ప్రేక్షకులూ నవ్వుతారు. పెద్ద తలపాగా పెట్టి గంతులు వేయిస్తే మాత్రం నాకు కోపం వస్తుంది, మీరూ ఆ పని ఒప్పుకోకండి. చెలికత్తె మీర్జా అతన్ని ఏమార్చే సన్నివేశం చూడండి, భామాకలాపంలో సత్యభామ చెలికత్తె మాధవిని ఎరిగినవారికి కొత్తగా నేర్చుకోవలసింది ఉండదు. అక్కడ మీ విద్యార్థినులు మీర్జాతో కలిసి కుట్రలో భాగమైన చెలులు కావాలి. ఆ ఒక్క మార్పుతో నాట్యం కథలోకి వస్తుంది.

దర్శకుడు మొదటి అంకంలో నర్తకీమణుల నాట్యం ఒక్కటే ఇస్తానంటారు. ప్రయాణమంతా అడగండి. ఢిల్లీ నుంచి సమర్‌ఖండ్ దాకా సాగే దారి వేదిక మీద కనిపించాలంటే పాదాలు ఉన్నవాళ్లే కావాలి కదా!

తాళం విషయంలో జాగ్రత్త. ప్రేమ పాటల్లో సంగీత నిర్వాహకుడు (కండక్టర్) గాయకుడి ఊపిరిని బట్టి లయను సాగదీస్తాడు. అక్కడ అడుగులు పెట్టకండి, అభినయం చాలు. బృందగానం నడక కచ్చితంగా ఉంటుంది, జతులు (తాళానికి కట్టిన అడుగుల వరుసలు) అక్కడ వేయండి. పిల్లలకు నిర్వాహకుడి చెయ్యి చూసి అడుగు వేయడం ముందునుంచే అలవాటు చేయండి, మీరు తాళం వేసే తట్టుకర్ర ఆ రోజు పని చేయదు. దావిద్ వాద్యబృందం మెత్తనిది. గజ్జెలతో దిగితే వేణువు వినిపించదు. బృందగానంలో కట్టండి, నూరెద్దీన్ పాడేటప్పుడు విప్పించండి. విప్పడానికి కట్టడానికి తెరవెనుక ఎంత వ్యవధి దొరుకుతుందో రిహార్సల్ మొదటి వారంలోనే దర్శకుడితో తేల్చుకోండి.