అనడానికి ముందుంటారు, అంటే మాత్రం పడరు

ప్రశ్న: మాది విశాఖలోని గాజువాక. మావారికి 46 ఏళ్లు, ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఇంట్లో నెమ్మదస్తుడే. ఫోన్ చేతికొస్తే మాత్రం అపార్ట్‌మెంట్ గ్రూపులోనో ఫేస్‌బుక్‌లోనో ఎవరో ఒకరిని గిల్లందే నిద్రపోరు. పోయిన నెల రాత్రి 11 గంటలకు ‘అసోసియేషన్ లెక్కలు చూపించే దమ్ముందా?’ అని పెట్టారు. ‘ముందు మీ 3 నెలల మెయింటెనెన్స్ కట్టండి సార్’ అని ఒకాయన జవాబిచ్చారు. అంతే, గ్రూపులోంచి బయటికొచ్చేసి 2 రోజులు సరిగా అన్నం తినలేదు. మా తమ్ముడు ఫేస్‌బుక్‌లో ‘బావా, ఈసారి మీరన్నది తప్పేమో’ అని రాశాడని వాడితో మాటలు మానేశారు. పక్క ఫ్లాట్లవాళ్లకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. ఏం చేయను?

జవాబు: మీవారి లెక్కలో ‘దమ్ముందా’ అన్నది డబ్బు గురించిన ప్రశ్న. ‘బాకీ కట్టండి’ అన్నది తన పరువు మీద తీర్పు. రెండు మాటలూ పడింది ఆ గ్రూపులోనే, అదే జనం ముందే. అదే ప్రశ్న లిఫ్టులో అడిగి ఉంటే, అవతలాయన మొహం మారడం చూసి ‘అదికాదండీ, ఊరికే అడిగా’ అని సగంలోనే తగ్గేవారు. ఫోన్‌లో ఆ పగ్గం ఉండదు. మొహం కనపడకపోవడం, జవాబు వెంటనే రాకపోవడం మనిషి నోటికి కళ్లెం ఎలా తీసేస్తాయో మనస్తత్వవేత్త జాన్ సులర్ 2004లోనే వివరంగా రాశారు. తిరుగు మాట వచ్చేసరికి ఆ కనపడని మొహమే మనల్ని పొడుస్తుంది. ఆ ‘సార్’ మర్యాదో వెటకారమో అక్షరాల్లో తెలియదు. మీవారు దాన్ని వెటకారంగానే చదువుకున్నారు.

ఇలాంటివాళ్లకు ఆత్మవిశ్వాసం తక్కువని, కాస్త పొగిడితే సర్దుకుంటారని చెప్పేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. మనస్తత్వవేత్త రాయ్ బామైస్టర్ బృందం 1996లో దీన్ని తిరగేసి చెప్పింది: తన గురించి గొప్పగా అనుకుంటూ, ఆ అనుకోవడానికి ఎవరైనా అడ్డు తగిలినప్పుడే మనిషి విరుచుకుపడతాడని. పొగడ్త పోస్తే ఆ ఆకలి పెరుగుతుంది.

రాత్రి 11 అన్నారు. బి షిఫ్టు (మధ్యాహ్నం డ్యూటీ) దిగి వచ్చాకే అయి ఉంటుంది. స్టాన్‌ఫోర్డ్, కార్నెల్ పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగంలో, చిరాకులో ఉండి అప్పటికే గిల్లే వ్యాఖ్యలు చదివినవాళ్లు అలాంటివి రాయడం, ఆ రెండూ లేనివాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు. వాళ్లంతా మామూలు మనుషులే. అందుకే మొదటి మార్పు ఇదే: డ్యూటీ దిగాక స్నానం, భోజనం, ఆ తర్వాతే గ్రూపు.

ఈ సంగతి ఫోన్ చేతిలో ఉండగా ఎత్తకండి. సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) చేసొచ్చిన పగలు అసలే వద్దు. వీక్లీ ఆఫ్ రోజు పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తూ మాట్లాడండి. పక్కపక్కన నడిచేవాళ్లు కళ్లలోకి చూసుకోనక్కర్లేదు, అదే సుఖం. ‘మీరెప్పుడూ ఇంతే’ అన్నారో, మీరూ ఆ గ్రూపులో ఒకరైపోతారు. ‘మొన్న మీరు 2 రోజులు అన్నం తినలేదు, నాకు భయమేసింది’ అని ఆగండి.

వాట్సాప్‌లో మన నంబరుకు మనమే మెసేజ్ పెట్టుకోవచ్చు. కోపంలో రాసింది ముందు అక్కడ పడేసి, తెల్లారాక టీ తాగుతూ మీకు వినపడేలా చదవమనండి. అడగాల్సింది నిజంగా ఉంటే ‘గత 6 నెలల లిఫ్టు, డీజిల్ ఖర్చులు పెట్టగలరా?’ అన్నది మిగులుతుంది, ‘దమ్ము’ రాలిపోతుంది. పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల్లో దిద్దుకోవచ్చు, సుమారు 2 రోజుల దాకా అందరికీ కనపడకుండా తీసేయొచ్చు. ఈలోపు ఎవరో తీసిన స్క్రీన్‌షాట్‌ను ఏం చేయలేం. ఇకమీదట విసురుగా బయటికి రావడం కన్నా గ్రూపును మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయడం మేలు. మధ్యలో లేచి వెళ్లిపోయినవాళ్ల గురించే కదా ఆ రాత్రంతా చర్చ.

విమర్శలో ఒక ముక్క విషయం గురించి ఉంటుంది, ఒక ముక్క మనిషి గురించి. మొదటిదాన్నే పట్టుకోవాలి. ఆ 3 నెలల బాకీ అబద్ధమని మీరెక్కడా రాయలేదు, నిజమే కాబోలు. అయితే కట్టేసి, మళ్లీ గ్రూపులో చేరి, రసీదు ఫోటోతో ‘బాకీ నిజమే, ఈరోజు కట్టాను. లెక్కలు కూడా పెట్టండి’ అని రాస్తే చాలు. ప్రశ్న బతికే ఉంటుంది. కట్టకుండా పరువు గురించి ఎంత రాసినా జనానికి ఆ బాకీయే కనపడుతుంది. అన్నట్టు, ‘లెక్కలు చూపండి’ అనడం వేరు, రుజువు లేకుండా ‘డబ్బు తిన్నారు’ అనడం వేరు. ఆన్‌లైన్‌లో నొప్పించే రాతలకు శిక్ష వేసే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసినా, పరువు నష్టం కేసు మాత్రం ఇప్పటికీ పెట్టొచ్చు.

ఇక మీ సంగతి. పక్క ఫ్లాట్లకు వెళ్లి సర్దిచెప్పడం మానేయండి. ఆయన పెట్టిన మంట మీరు ఆర్పేస్తుంటే, ఏం కాలిందో ఆయనకెప్పటికీ తెలియదు. ‘చూడు ఎంత మాటన్నాడో’ అని ఫోన్ చూపిస్తే ‘వాడంతే’ అనొద్దు, ‘తప్పు మీదే’ అనీ అనొద్దు. ‘బాధేసిందా?’ అని అడిగి అన్నం వడ్డించండి. తమ్ముణ్ణి ఆ కామెంట్ తీసేసి, ‘బావా, నలుగురిలో కాకుండా మీకే ఫోన్ చేసి చెప్పాల్సింది’ అనమనండి. అభిప్రాయం మార్చుకున్నానని అబద్ధం ఆడక్కర్లేదు.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, తాగుడు పెరిగినా, ‘నేను లేకపోతేనే నయం’ లాంటి మాట వచ్చినా ఇవేవీ చాలవు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. మీ మీద చేయి చేసుకుంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి చేయండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, కానీ మన ఊళ్లో ఆ పేరు తిట్టులా వాడతారు కాబట్టి గొడవ మధ్యలో ఎత్తకండి. ‘నిద్ర గురించి డాక్టర్ని అడిగొద్దాం’ అని చెప్పి, తోడు మీరే వెళ్లండి. ఈసారికి తమ్ముణ్ణి పంపొద్దు.