పిరేయస్ వెళ్తున్న మేనకోడలికి

విశాఖపట్నం

చి. బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, “బుజ్జికి గ్రీసులో ఉద్యోగం వచ్చింది, అదేదో పిరేయసట, నీకేమైనా తెలుసా?” అంది. నాకేమైనా తెలుసా! ఏథెన్సు పక్కనున్న ఆ రేవు ఊళ్ళో ఐదేళ్ళు బతికాను. అంతకుముందు పద్నాలుగేళ్ళు గ్రీకు వాళ్ళ ఓడల్లో, ఇంజిన్ రూముల్లో నూనె పూసుకుని తిరిగాను. ఆ కబురు నువ్వే నాకు చెప్పొచ్చు కదా. సరే, ఆ కోపం తర్వాత. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్య నిద్రపోయింది, నాకు మాత్రం నిద్ర పట్టలేదు. మనింట్లో ఓడ ఎక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు ఆ ఓడల్ని నడిపించే ఆఫీసుకే నువ్వు వెళ్తున్నావు. సంతోషంగానూ ఉంది, కడుపులో ఏదో తిప్పినట్టూ ఉంది. అందుకే తెల్లారగట్ల లేచి రాస్తున్నాను.

కాగితాల సంగతి నాకంటే నీకే బాగా తెలుస్తుంది. వెళ్ళగానే పన్ను నంబరు తీసుకో. అఫిమి అంటారు, 9 అంకెలుంటుంది. అది లేనిదే బ్యాంకు ఖాతా లేదు, అద్దె ఇల్లు లేదు. తర్వాత 11 అంకెల అమ్కా, డాక్టరుకీ మందులకీ అదే ఆధారం. జీతం మాట్లాడేటప్పుడు ఏడాదికి 12 జీతాలా 14 జీతాలా అని అడుగు. క్రిస్మస్‌కి ఒక నెల జీతం, ఈస్టరుకి సగం, వేసవి సెలవులకి సగం అక్కడ విడిగా ఇస్తారు. అద్దె ఒప్పందం ఇంటివాళ్ళు పన్నుశాఖకి ఆన్‌లైన్‌లో పంపాలి. “మన మధ్య కాగితాలెందుకు” అనేవాళ్ళ ఇల్లు తీసుకోకు. ఆగస్టులో ఏ ఆఫీసు పనీ పెట్టుకోకు, 15న మేరీమాత పండగ, ఊరంతా దీవులకీ సొంత పల్లెలకీ పోతుంది. వీసా మీ కంపెనీ చూసుకుంటుంది. ఇంతే.

ఇల్లు మాత్రం నేను చెప్పినట్టు చూడు. అద్దె ఎంత అని అడగక ముందే, ఆ బిల్డింగు ఏ సంవత్సరంలో కట్టారో అడుగు. భూకంపాలకి తట్టుకునేలా కట్టాలన్న నియమాలు గ్రీసులో మొదట 1959లో వచ్చాయి, 1985లో వాటిని గట్టిపరిచారు. 85 తర్వాత కట్టింది దొరికితే అద్దె కాస్త ఎక్కువైనా తీసుకో, తక్కువ పడింది నేను పంపిస్తాను. కింద గోడల్లేకుండా స్తంభాల మీద నిలబెట్టి కార్లకి వదిలేసిన పాత బిల్డింగులు కొన్ని ఉంటాయి, అవి వద్దే వద్దు. మంచం పక్కన చెప్పులూ టార్చీ పెట్టుకో. మీ పేటలో ఖాళీ చౌకు ఎక్కడుందో మొదటి రోజే నడిచి చూసుకో. “ఆడపిల్ల వెలుతురూ బాల్కనీ చూసుకుంటుంది గానీ సిమెంటు చూస్తుందా?” అని మీ అత్తయ్య నవ్వుతోంది. నవ్వనీ. హుద్‌హుద్ రోజున ఇంటి కిటికీలు పగిలిపోతుంటే నేను నిబ్బరంగా ఉన్నానని చెప్పుకునేది ఆవిడే. తుపానైతే రేడియోలో ముందే చెప్తారు తల్లీ.

ఇంకొన్ని చిల్లర సంగతులు. టాయిలెట్లో కాగితం వేయకూడదు, పక్కనున్న బుట్టలో వేయాలి, గొట్టాలు సన్నం. చలికాలం ఉండదనుకుని వెళ్ళకు. మొజాయిక్ గచ్చు మీద జనవరిలో కాలు పెడితే జివ్వుమంటుంది. పాత ఇళ్ళలో హీటింగు బిల్డింగు మొత్తానికి ఒకటే, వాళ్ళు పెట్టిన వేళలకే వెలుగుతుంది. మధ్యాహ్నం వేళ, ఎండాకాలంలో 3 నుంచి 5:30 దాకా, చప్పుడు చేయకూడదు. అది మర్యాద మాత్రమే కాదు, పోలీసు నియమం కూడా. ఆ వేళలో మిక్సీ వేయకు. ఇడ్లీ పిండి సాయంత్రం రుబ్బుకో, కొంపలేమీ మునిగిపోవు.

భాష సంగతి. నువ్వు ఇంగ్లీషుతో నెట్టుకొచ్చేస్తావని నాకు తెలుసు. ఆఫీసులో నడుస్తుంది, మెట్ల మీద నడవదు. వాళ్ళు ఫోన్ ఎత్తగానే “ఎలా!” అంటారు. మొదటి నెలలో నేను “బాగానే ఉన్నానండీ” అనేవాణ్ణి. ఎలా అంటే వాళ్ళకి “రా”, లేదంటే “చెప్పు”. “నే” అంటే అవును. విన్నప్పుడల్లా నాకు హిందీ నహీ గుర్తొచ్చి కాదన్నట్టే ఉండేది. తల పైకి ఎగరేసి నాలుకతో చప్పుడు చేస్తే కాదని అర్థం. మనకది “ఏంటి?” అని అడగడం. చీఫ్ ఇంజినీరు అలా తల ఎగరేసినప్పుడల్లా నేను అడిగింది మళ్ళీ మొదటి నుంచీ చెప్పేవాణ్ణి, ఆయన మళ్ళీ ఎగరేసేవాడు. ఇంకొకటి, అరచెయ్యి చాచి ఎదుటివాళ్ళ మొహం వైపు చూపించకు. అక్కడ అది పెద్ద తిట్టు. భోజనాల దగ్గర “వద్దు వద్దు” అని మనం చెయ్యి అడ్డం పెడతాం చూడు, అదే. రొట్టెల కొట్లో ఐదు కావాలని ఐదు వేళ్ళూ చూపించి నేను పడ్డ మాటలు నీకు చెప్పను.

వాళ్ళు గట్టిగా మాట్లాడుకుంటుంటే పోట్లాట అనుకుని కంగారు పడకు. జీతమెంత, పెళ్ళెప్పుడు అని మొదటి రోజే అడుగుతారు. అందులో మనకి కొత్తేముంది.

తిండికి భయం లేదు. ప్రతి పేటలో వారానికో రోజు వీధి సంత పెడతారు, లైకీ అంటారు. మధ్యాహ్నం ఎత్తేసే ముందు వెళ్తే చవక. ఎండాకాలంలో “వ్లీతా” అని కట్టలు కడతారు, అవి చూసి నేను సంతలోనే నిలబడిపోయాను. తోటకూర! వాళ్ళు ఉడకబెట్టి ఆలివ్ నూనె, నిమ్మరసం పోసుకుని తింటారు, పాపం. నువ్వు తాలింపు పెట్టుకో. “గ్లిస్త్రీదా” అంటే గంగవాయిలి కూర. “ఫావా” అడిగితే ముద్దపప్పు లాంటిది తెస్తారు, పైన ఉల్లిపాయ ముక్కలుంటాయి. ఇంగువ, కందిపప్పు కావాలంటే ఏథెన్సులో ఒమోనియా దగ్గర మెనాండ్రూ వీధిలో మన వైపు సరుకుల కొట్లుంటాయి. అక్కడ హ్యాండ్‌బ్యాగు ముందుకి వేసుకుని నడువు. నువ్వు మాంసం తినవు కాబట్టి “నిస్తీసిమో” అన్న మాట నేర్చుకో, ఉపవాసపు వంట అని అర్థం. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కానీ జాగ్రత్త, రొయ్యలూ ఆక్టోపస్సూ వాళ్ళకి ఉపవాసపు తిండే. విడిగా అడిగి తెలుసుకో.

ఇప్పుడు అసలు సంగతి. మీ అత్తయ్యకి కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను 1998లో ఓడ దిగి ఆఫీసు ఉద్యోగంలో చేరాను. పిల్లల చదువుల కోసం మీ అత్తయ్య ఇక్కడే ఉండిపోయింది. నేను పిరేయస్‌ని ఆనుకునే ఉన్న నికేయాలో మూడో అంతస్తులో ఒక గది ఇల్లు తీసుకున్నాను. ఇప్పుడైతే అక్కడికి మెట్రో ఉంది, 2020లో వచ్చింది. అప్పుడు బస్సే. ఆ పేటని పాతవాళ్ళు ఇప్పటికీ కొక్కినియా అంటారు. 1922లో, ఇప్పటి టర్కీలో ఉన్న స్మిర్నా కాలిపోయినప్పుడు, ఆ చిన్నాసియా వైపు నుంచి కట్టుబట్టలతో వచ్చిన గ్రీకు వాళ్ళకోసం వెలిసిన పేట అది. నా కింది ఇంట్లో ఒక ముసలి దంపతులుండేవారు. ఆయన మెట్ల మీద కనబడితే టోపీ తీసేవాడు. ఆవిడని నేను కిరియా అనేవాణ్ణి, అంటే అమ్మగారూ అన్నట్టు.

1999 జనవరిలో ఓడలు రిపేరు చేసే డ్రైడాక్‌లో పని మీద వెళ్ళి, ఆరేడు వారాలు పోయాక తిరిగొచ్చాను. వచ్చిన ఆదివారం ఆవిడ తలుపు కొట్టింది. చేతిలో చిన్న పళ్ళెం. ఉడికించిన గోధుమలు, పంచదార, కిస్‌మిస్, బాదం, దానిమ్మ గింజలు, దాల్చినచెక్క వాసన. అచ్చం మన గుళ్ళో ప్రసాదం లాగే ఉంది. నల్లబట్టలు కట్టుకుని ఉంది, కానీ అక్కడ ఆ వయసు ఆడవాళ్ళు చాలామంది నలుపే కడతారు. ఏదో పండగనుకున్నాను. నాకు వచ్చిన నాలుగు ముక్కల్లో పండగలకి పనికొచ్చేది ఒకటుంది, “ఖ్రోన్యా పొల్లా”. నిండు నూరేళ్ళూ అన్నట్టు. పుట్టినరోజుకీ, తమ పేరున్న సెయింటు రోజున చేసుకునే పేరు పండగకీ, క్రిస్మస్‌కీ అంటారు. నేను పళ్ళెం అందుకుని, ఇంతమొహం చేసుకుని, మెట్లంతా వినబడేలా “ఖ్రోన్యా పొల్లా కిరియా!” అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, ఒక్క మాట కూడా అనకుండా దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆఫీసులో గోధుమల సంగతి చెప్తే, పక్క బల్ల అతను కాఫీ కింద పెట్టి, “ఎవరు పోయారు?” అన్నాడు.

అది కోలివా. చనిపోయినవాళ్ళకి నలభయ్యో రోజున చర్చిలో పెట్టి పంచేది. టోపీ తీసే పెద్దాయన నేను ఊళ్ళో లేనప్పుడు పోయాడు. మనూళ్ళో పెద్దకర్మ భోజనం చేసి లేచి, “ఇలాంటివి మీ ఇంట్లో మరెన్నో జరగాలి” అన్నట్టుగా అన్నాను బుజ్జీ. చావింటి నుంచి బయల్దేరేటప్పుడు “వెళ్ళొస్తాను” అనకూడదని మీ అమ్మమ్మ నాకు ఐదేళ్ళప్పుడే నేర్పింది. అలాంటిది నేను!

ఏమనాలో అతనే నేర్పించాడు. “నా జీసెతె, నా తొన్ థిమాస్తె.” మీరు బతకాలి, ఆయన్ని తలుచుకుంటూ ఉండాలి. కాగితం మీద తెలుగులో రాసుకుని వారం రోజులు బట్టీ పట్టాను. పరమాన్నం వండి ఆ పళ్ళెంలో పోసుకుని, ఖాళీగా ఇవ్వకూడదు కదా, ఆవిడ గుమ్మం దాకా వెళ్ళాను. లోపల టీవీ వినబడింది. బెల్ నొక్కకుండా పైకి వచ్చేశాను. రేపు చూద్దాం అనుకున్నాను. ఆ రేపు ఆరు నెలలైంది. ఆవిడ తలుపు చప్పుడు వినబడితే నేను లోపలే ఆగిపోయేవాణ్ణి. బస్టాపులో ఆవిడ ఉంటే ఒక స్టాపు నడిచి ఎక్కేవాణ్ణి. మాట తప్పుగా అన్నందుకు ఆవిడ నన్ను ఎప్పుడో క్షమించి ఉంటుంది. మొగుడు పోయిన ముసలామె కింద ఒంటరిగా, పెళ్ళాం బిడ్డలకి దూరంగా నేను పైన ఒంటరిగా, మధ్యలో పద్దెనిమిది మెట్లు. ఆరు నెలలు. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది. నువ్వూ నాలాంటిదానివే. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టి మంచం కింద దాక్కుంటే నిన్ను బయటికి లాగినవాణ్ణి నేనే కదా.

సెప్టెంబరు 7, మంగళవారం. మూడు కావస్తోంది. ఆఫీసులో బీరువాలు నడిచాయి. ఆ రోజు భూకంపంలో ఏథెన్సు చుట్టుపక్కల 143 మంది పోయారు. బస్సుల కోసం చూడకుండా నడిచే ఇంటికి వచ్చాను. బిల్డింగు నిలబడే ఉంది, గోడలకి పగుళ్ళు. లోపలికి వెళ్ళడానికి ఎవరికీ ధైర్యం లేదు. రాత్రి పేటంతా చౌకులోనే, దుప్పట్లు, రేడియోలు, పిల్లల ఏడుపులు. నేను ఒక మూల ఒక్కణ్ణే నిలబడ్డాను. ఆవిడ మడత కుర్చీలో కూర్చుని ఉంది. చూడనట్టు ఇంకో వైపు తిరగబోతుంటే వినబడింది. “ఎలా, పెదీ ము. ఎలా.” రా నాయనా, రా.

వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర దుప్పటి మీద కూర్చుని, బట్టీ పట్టిన ముక్క అప్పజెప్పాను. గొంతు వణికింది, ఒత్తు తప్పు చోట పడింది. ఆవిడ పంతులమ్మలా రెండుసార్లు దిద్దించి, మూడోసారికి తలూపింది. తర్వాత రొట్టె ముక్క చేతిలో పెట్టి, వాళ్ళమ్మ స్మిర్నా నుంచి వచ్చిన కొత్తలో ఇక్కడే డేరాలో పడుకుందని చెప్పింది. నాకు సగమే అర్థమైంది.

ఆ తర్వాత నాలుగేళ్ళు నాకు అక్కడ ఇల్లున్నట్టే ఉంది. ఈస్టరు అర్ధరాత్రి చర్చి నుంచి కొవ్వొత్తి ఆరకుండా తెచ్చి గుమ్మం మీద పొగతో శిలువ గీసేది, నా గుమ్మం మీద కూడా. మీ అన్నయ్య ఫోటో చూపిస్తే “ఫ్తు ఫ్తు ఫ్తు” అని మూడుసార్లు ఉమ్మింది. కోపం తెచ్చుకోకు, దిష్టి తగలకుండా. అన్నట్టు, పేరు పండగైనా పుట్టినరోజైనా అక్కడ ఖర్చు ఎవరిదైతే వాళ్ళదే. నీ పుట్టినరోజుకి ఆఫీసుకి స్వీట్లు నువ్వే పట్టుకెళ్ళాలి. వాళ్ళు తెస్తారని ఎదురు చూసి, ఎవరూ తేలేదని మీ అమ్మకి ఫోన్ చేసి ఏడవకు.

మీ అత్తయ్య నెయ్యి సీసా కడుతోంది, తీసేయించాను. పాలతో, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి ఐరోపాలోకి తేనివ్వరు. ఆవకాయ మాత్రం మూడు కవర్లలో చుట్టి పెట్టింది.

నా పాత ఇంటి చిరునామా ఈ కాగితం వెనక రాశాను. కింది గుమ్మం పక్కన బెల్లులూ పేర్లూ ఉంటాయి. ఆవిడ ఇంటిపేరు గ్రీకు అక్షరాల్లో రాసిచ్చాను, పోల్చుకో. ఆవిడ ఇప్పుడు ఉండదులే, నాకు తెలుసు. పిల్లల్లో ఎవరైనా ఉంటే ఆ పేరే ఉంటుంది. ఉంటే నొక్కు. లేకపోతే గుమ్మం ఫోటో తీసి పంపు, గోడకి ఆ పగులు ఇంకా ఉందో లేదో చూస్తాను.

నీ మామయ్య