ప్లేట్‌లెట్లు 62 వేలు, మళ్లీ రక్తం ఇవ్వమన్నారు

ప్రశ్న: సిస్టర్ గారూ, మాది నెల్లూరు. చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మా మామయ్యగారికి 68 ఏళ్లు. బీపీ డాక్టరు ఏటా రాసే రక్తపరీక్షలో ఈసారి ప్లేట్‌లెట్లు 62 వేలే వచ్చాయి. జ్వరం లేదు, మనిషి బాగానే ఉన్నారు. ల్యాబు వాళ్లు ఫోన్ చేసి మళ్లీ శాంపిల్ కావాలంటున్నారు. మొదటిసారే రెండు చోట్ల పొడిచారు, చేయి కమిలిపోయింది. డెంగీ ఏమోనని అందరికీ టెన్షన్. మళ్లీ ఇప్పించాలా?
- ఒక కోడలు

జవాబు: తప్పకుండా ఇప్పించండమ్మా. ల్యాబు వాళ్లు తమంతట తామే ఫోన్ చేశారంటే, ఆ అంకె మీద వాళ్లకీ అనుమానం ఉండి ఉంటుంది.

ప్లేట్‌లెట్లు మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ఈ పరీక్షకు రక్తాన్ని ఊదారంగు మూత ట్యూబులో తీస్తారు. రక్తం గడ్డకట్టకుండా అందులో ఈడీటీఏ అనే మందు ఉంటుంది. తీసిన వెంటనే ట్యూబును మెల్లగా ఎనిమిది, పది సార్లు తలకిందులు చేస్తేనే అది రక్తంలో కలుస్తుంది. నరం సరిగా దొరక్క రక్తం చుక్కచుక్కగా వచ్చినా, కలపడం ఆలస్యమైనా సన్నని గడ్డలు కడతాయి. అలా అతుక్కుపోయిన ప్లేట్‌లెట్లను మెషిన్ లెక్కపెట్టలేదు. రెండు చోట్ల పొడిచారన్నారు కాబట్టి నా మొదటి అనుమానం దీని మీదే. కొద్దిమందికి ఆ మందు వల్లే ప్లేట్‌లెట్లు అతుక్కుంటాయి. అలాంటివాళ్లకు వేరే మందు ఉండే నీలం మూత ట్యూబులో తీసి, రక్తపు చుక్కను గాజు స్లైడు మీద పరిచి మైక్రోస్కోపులో కూడా చూస్తారు. స్లైడు చూడమని మీరే అడగండి.

నర్సుగా చేరిన కొత్తలో, వార్డులో హడావిడి పడి, ఒక ముసలమ్మ రక్తం తీసి ట్యూబు కలపకుండానే ట్రేలో పెట్టేశాను. గడ్డకట్టింది. మళ్లీ వెళితే ఆవిడ ఒక్క మాట అనకుండా రెండో చేయి చాపింది. ఆ చేయి నాకు ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత ట్యూబు కలపనిదే మంచం దగ్గర్నుంచి కదల్లేదు.

ఈసారి కమలని చేతికి తీయమనండి. ఈ పరీక్ష ఒక్కటే అయితే పరగడుపున ఉండక్కర్లేదు. టిఫిన్ తిని, నీళ్లు బాగా తాగి వెళ్తే నరం తేలుతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. ట్యూబు మీద పేరు, వయసు ఆయన ఎదుటే రాయించండి. సూది తీశాక మోచేయి మడవనివ్వకండి, చాలామంది కమిలేది అక్కడే. చేయి చాపి, దూదితో మూడు నిమిషాలు, ఆ మాత్రలు వేసుకునేవారైతే ఐదు నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి.

ఇంకో మాట. ఇక్కడి చెన్నై ల్యాబుల్లో 'నరంబు కెడైక్కల' (నరం దొరకడం లేదు) అని తమిళంలో పైకే అనేస్తారు. పెద్దవాళ్లు ఆ మాటను తమ ఒంట్లో లోపమనుకుని కుంగిపోతారు. మీరు పక్కనే నిలబడి ఆయనతో మాట్లాడుతూ ఉండండి. రెండుసార్లకీ దొరక్కపోతే మూడోసారి అదే మనిషితో పొడిపించకండి, అనుభవమున్న ఇంకొకరిని పిలవమనండి.

చిగుళ్ల నుంచి రక్తం కారినా, ఒంటి మీద ఎర్రని చుక్కలు లేచినా, విరేచనం నల్లగా అయినా, జ్వరం తగిలినా రెండో రిపోర్టు కోసం ఆగకండి, అప్పటికప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అవేమీ లేకపోతే రేపు పొద్దున్నే రక్తం ఇప్పించి, రెండు రిపోర్టులూ డాక్టరుకు చూపించండి. రెండోసారి కూడా తక్కువే వస్తే ఎందుకో ఆయన తేలుస్తారు. ఏం వచ్చిందో నాకూ ఒక ముక్క రాయండమ్మా.