సంతకం రేపు పెట్టించినా ఫరవాలేదు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

లివర్ డిపార్ట్‌మెంట్‌లో క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా, అంటే మందుల మీద జరిగే స్టడీల్లో పేషెంట్లను చేర్చుకుని వాళ్ళ వివరాలు రాసే పనిలో, చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం వేసింది. "పేపర్ వర్కేనట అక్కా, నైట్ డ్యూటీలు కూడా ఉండవట" అంది. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. నేను 8 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి, ఆ తర్వాత 17 ఏళ్ళు నువ్వు చేరబోయే పనే చేశాను. పేపర్లకేం, బోలెడు ఉంటాయి. కానీ ఆ పేపర్ల మీద నువ్వు రాసే చాలా వివరాలు ఎవరో ఒక పేషెంటు నోటి నుంచి విన్న మాటలే. ఆ మాట తప్పుగా వింటే తర్వాత ఎంత పెద్ద లెక్కలు కట్టినా ఉపయోగం లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఈ పనిలో నా మొదటి ఏడాదిలో చేసిన తప్పుతో మొదలుపెడతాను. నల్గొండ వైపు నుంచి వచ్చిన రైతు, యాభై దాటినాయన. సిర్రోసిస్ (లివర్ దెబ్బతిని గట్టిపడటం), కడుపులో నీళ్ళు. స్టడీకి అన్ని విధాలా సరిపోయాడు. పొద్దున్నే కూర్చోబెట్టి 14 పేజీల అంగీకార ఫారం మొత్తం చదివి వినిపించాను. ప్రతిదానికీ "సరేనమ్మా" అన్నాడు, సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం కొడుకుని "మనం ఏ ఊళ్ళ ఉన్నంరా?" అని అడిగాడట. మర్నాడు ఆ అబ్బాయి వచ్చి, గొంతు కూడా పెంచకుండా, "మేడం, మా నాయిన దేని మీద సంతకం పెట్టిండో ఆయనకే తెల్వదు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

లివర్ పని చేయనప్పుడు అమ్మోనియా లాంటివి రక్తంలో పేరుకుని మెదడుకు మబ్బు కమ్ముతుంది. ఎన్‌సెఫలోపతి అని నువ్వు చదివే ఉంటావు. పుస్తకంలో చదివినప్పుడు తెలియనిది ఏమిటంటే, మొదటి దశలో మనిషి మామూలుగానే కనిపిస్తాడు. మర్యాదగా తల ఊపుతాడు. పొద్దున బాగుంటాడు, మధ్యాహ్నానికి ఉండడు. మా డాక్టరు గారు నన్ను తిట్టలేదు. ఆ సంతకం చెల్లదని రాసి, జరిగినదంతా ఎథిక్స్ కమిటీకి (స్టడీలో పేషెంట్ల హక్కులు, భద్రత చూసే కమిటీ) తెలియజేయమన్నారు. లాక్టులోజ్ (ఆ అమ్మోనియాను తగ్గించే మందు) మీద నాలుగు రోజుల్లో ఆయన తేరుకున్నాడు. మళ్ళీ వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఈసారి అంతా శ్రద్ధగా విని, "వద్దు బిడ్డా, నాకు భయమైతది" అన్నాడు. వద్దన్నందుకు ఆయన వైద్యం ఒక్క పూట కూడా ఆగలేదు. ఆ సంగతి ఆయనకు ముందే తెలిసి ఉంటే మొదటి రోజు కూడా వద్దనేవాడేమో అనిపిస్తుంది.

కాబట్టి లివర్ పేషెంటు ముందు ఫారం తెరవకముందు కాసేపు ఊరికే మాట్లాడు. ఇవాళ ఏ వారం, ఎవరితో వచ్చారు, ఏ బస్సెక్కారు అని అడుగు. రెండు చేతులూ ముందుకు చాపి, మణికట్లు పైకి ఎత్తి పట్టుకోమను. చేతులు పక్షి రెక్కల్లా కొట్టుకుంటుంటే ఫారం మూసెయ్, డాక్టరుకు చెప్పు. 20 నుంచి 1 దాకా వెనక్కి లెక్కపెట్టించు. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళని విడిగా అడుగు, రాత్రి నిద్రపోయాడా అని. పగలంతా తూగుతూ రాత్రంతా మేలుకుంటున్నాడంటే మబ్బు మొదలైందని అనుమానించాలి. సంతకం రేపు పెట్టించినా ఫరవాలేదు. స్పాన్సర్ (స్టడీ చేయించే సంస్థ) నుంచి ఫోన్ వస్తుంది, "ఈ నెల ఎంతమందిని చేర్చారు?" అని. రానీ. టెన్షన్ పడకు.

"అర్థమైందా?" అని మాత్రం అడగకు. మనవాళ్ళలో ఆ ప్రశ్నకు "అర్థమైంది" తప్ప వేరే జవాబు రాదు. తెల్లకోటు ముందు కాలేదనడం మర్యాద కాదనుకుంటారు. నేను ఇలా అడిగేదాన్ని: "ఇంటికెళ్ళాక మీ అమ్మాయి అడుగుతుంది, ఆస్పత్రిలో ఏం జరిగింది నాన్నా అని. ఏం చెప్తారు?" అప్పుడు బయటపడుతుంది. "పెద్ద డాక్టరు కొత్త మందు ఇస్తుండు, తగ్గిపోతది" అన్నాడంటే నువ్వు చెప్పింది అందలేదు. ఆ మందు పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికే ఈ స్టడీ అని, తనకు ఆ మందే వస్తుందన్న గ్యారంటీ లేదని, ఎప్పుడైనా మానేయవచ్చని, మానేసినా ఇక్కడి వైద్యం మామూలుగానే సాగుతుందని ఆయన నోటి నుంచి రావాలి. స్టడీ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం తన హక్కు అని కూడా తెలియాలి.

మన తెలుగు ఫారాల సంగతి చెప్పాలి. "యాదృచ్ఛికీకరణ" అని రాస్తారు. ఎం.ఏ. తెలుగు చదివినవాళ్ళు కూడా ఆగి చూడాల్సిన మాట. చీటీలు వేసి తీసినట్టు, ఏ మందు ఎవరికొస్తుందో డాక్టరు చేతిలో కూడా ఉండదని చెప్పు, పిల్లవాడికైనా అర్థమవుతుంది. ప్లాసిబోని "మందు లేని మాత్ర, చూడటానికి అలాగే ఉంటుంది" అను. అనువాదం మరీ బిగుసుకుపోయి ఉంటే ఊరుకోకు, ఎథిక్స్ కమిటీకి రాసి మార్పించు. ఆ కమిటీలో వైద్యులు కాని మామూలు మనిషి ఒకరు తప్పనిసరిగా ఉండేది ఇలాంటివి పట్టుకోవడానికే.

"ప్రయోగం" అనే మాటకు జనం ఉలిక్కిపడతారు. "మా మీద ప్రయోగాలు చేస్తరా?" అంటారు. వాళ్ళని తప్పుపట్టకు, ఆ భయం వెనక కథ ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే స్టడీ ఒకటి నడిచింది. హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు చాలామంది ఉన్నారు. తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట ఎందరికో హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010లో అది ఆగిపోయింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా మంచిదే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడుతుంది. మంచి టీకా మీద కూడా ఒక ప్రాంతంలో నమ్మకం పోవడానికి ఆ సంతకాలు చాలు. ఆ తర్వాత నిబంధనలు బిగిశాయి. కొత్త రసాయన మందుల ట్రయల్స్‌లో బలహీన స్థితిలో ఉన్నవాళ్ళ దగ్గర అంగీకారం తీసుకునేటప్పుడు వీడియో తీయాలి. చదువు రానివాళ్ళు వేలిముద్ర వేస్తే స్టడీతో సంబంధం లేని సాక్షి దగ్గరుండి సంతకం చేయాలి. ఆ సాక్షిగా వార్డు ఆయాను నిలబెట్టకు. ఫారం కాపీ పేషెంటు చేతికివ్వడం మరిచిపోకు. అది వాళ్ళది.

ఇదే నేల మీద ఇంకో కథ కూడా ఉంది, అదీ చెప్పు వాళ్ళకు. మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ తయారు చేసిన హెపటైటిస్ బి టీకా 1997లో వచ్చింది. అంతకు ముందు విదేశీ టీకా ధర చూసి మధ్యతరగతి వాళ్ళు కూడా వెనక్కి తగ్గేవారు. ఆ టీకా మన పిల్లల దాకా రాకముందు కొందరు మొదటగా చేయి చాపి వేయించుకున్నారు. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. నీ ముందు కూర్చునేవాళ్ళూ అలాంటివాళ్ళే.

ఇప్పుడు వినడం సంగతి. మన భాషలో "పడదు" అని ఒక మాట ఉంది. వంకాయ పడదు, ఏసీ పడదు, పెన్సిలిన్ పడదు, చివరికి అత్తగారికీ కోడలికీ కూడా పడదు. ఫైల్లో "పెన్సిలిన్ అలర్జీ" అని రాసేముందు "అప్పుడు ఏమైంది?" అని అడుగు. విరేచనాలయ్యాయా, కళ్ళు తిరిగాయా, దద్దుర్లు లేచి పెదాలు వాచి ఊపిరాడలేదా? ఎన్నేళ్ళ కిందట? మాత్ర వేసుకున్న ఎంతసేపటికి? పెన్సిలిన్ అలర్జీ ఉందని ముద్ర పడినవాళ్ళలో సరిగ్గా పరీక్ష చేస్తే 10 మందిలో 9 మందికి అది ఉండదు. ఆ ఒక్క మాట వల్ల వాళ్ళు ఏళ్ళ తరబడి మంచి మందుకు దూరమవుతారు. ఉన్న ఆ ఒక్కరి విషయంలో నువ్వు రాయకపోతే ప్రాణం మీదికొస్తుంది. రెండు వైపులా జాగ్రత్త కావాలి.

అలాగే దురద. లివర్ వార్డులో దురద అనగానే అలర్జీ అనుకోకు. దద్దుర్లు ఉన్నాయా, గోకిన గీతలే ఉన్నాయా చూడు. అరచేతుల్లో, అరికాళ్ళలో, రాత్రిపూట ఎక్కువగా, దద్దు లేకుండా వచ్చే దురద పైత్యరసం దారి మూసుకుపోయినప్పుడు వస్తుంది. ఆరు నెలలుగా సెట్రిజిన్ (అలర్జీ బిళ్ళ) మింగుతూ వచ్చిన ఒకామెని చూశాను. ఆ సెట్రిజిన్‌ను ఆమె మందుల లెక్కలో చెప్పనే లేదు, "అది జలుబు బిళ్ళ కదా" అంది. ఎప్పుడైనా అలర్జీ స్టడీకి మారితే ఇది ఇంకా ముఖ్యం. అలాంటి బిళ్ళ వేసుకుని వస్తే చర్మం మీద చేసే పరీక్ష తప్పు చూపిస్తుంది. డాక్టరు చెప్పినన్ని రోజుల ముందు, దాదాపు వారం నుంచీ, ఆపించాలి.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అంటే అందరూ లేదనే అంటారు. కషాయం వాళ్ళ లెక్కలో మందు కాదు. పేరు పెట్టి అడుగు: కామెర్లకు పసరు పోయించుకున్నారా, నేల ఉసిరి తాగుతున్నారా, తిప్పతీగ, లేహ్యం, మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపు బిళ్ళలు, జిమ్ పౌడర్. కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ తాగి లివర్ దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. నా స్టడీలో ఒకామెకు ఎనిమిదో వారం లివర్ ఎంజైములు (లివర్ దెబ్బతింటే రక్తపరీక్షలో పెరిగేవి) ఒక్కసారిగా పెరిగాయి. అందరం స్టడీ మందునే అనుమానించాం. మూడోసారి అడిగితే ఆమె అత్తగారు చెప్పింది, రోజూ పరగడుపున పసరు ఇస్తున్నామని. నవ్వకు, తిట్టకు. నువ్వు ఒక్కసారి ముఖం చిట్లిస్తే ఇక ఎప్పటికీ చెప్పరు. అయితే కారణం తెలిసేదాకా రిపోర్టు ఆపుకోకు. ఆస్పత్రిలో చేరాల్సి వచ్చిందంటే అది తీవ్రమైన సంఘటన. 24 గంటల్లో డ్రగ్ కంట్రోలర్ కార్యాలయానికీ స్పాన్సర్‌కీ ఎథిక్స్ కమిటీకీ తెలియజేయాలి. సంబంధం ఉందో లేదో తర్వాత తేల్చుకుంటారు.

తాగుడు గురించి భార్య ముందు అడగకు. "అప్పుడప్పుడు" అనే జవాబు రాసుకోకు. కల్లా, బీరా, క్వార్టరా, హాఫా, వారంలో ఎన్ని రోజులు అని అడుగు. 180 మి.లీ. క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మగవాళ్ళకు రోజుకు 30 గ్రాములు దాటితే అలాంటివాళ్ళను తాగుడుతో సంబంధం లేని ఫ్యాటీ లివర్ (లివర్‌లో కొవ్వు చేరడం) స్టడీలో కలపరు. "రోజూ ఒక్క క్వార్టరే మేడం" అన్నాయన దానికి రెట్టింపు తాగుతున్నట్టు. ఈ లెక్క నీకు నోటికి రావాలి.

ఇదంతా ఎందుకు అని అలసటగా అనిపించిన రోజు ఆల్బుమిన్ సీసాల్ని తలుచుకో. సిర్రోసిస్‌తో ఆస్పత్రిలో చేరినవాళ్ళకు రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువ ఉంటుంది కాబట్టి రోజూ ఎక్కించి పెంచితే మంచిదని చాలామంది నమ్మేవారు. గాజులు కుదువపెట్టి సీసాలు తెచ్చిన కుటుంబాలను నేను చూశాను. బ్రిటన్‌లో 777 మంది మీద చేసిన అటైర్ అనే ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. ఆ అంకె పెంచడం కోసం రోజూ ఎక్కించినందువల్ల మేలు కనబడలేదు, పైగా కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కడుపులో నీళ్ళు ఎక్కువగా తీసినప్పుడు, ఆ నీళ్ళకు ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఆల్బుమిన్ కావాలి, అది వేరు. కానీ ఏ సీసా అవసరం, ఏది అనవసరం అని తేలింది ఆ 777 మంది వివరాలను నీలాంటివాళ్ళు నిజాయితీగా రాసినందువల్లే. పిల్లల్లో వేరుశనగ అలర్జీ కూడా అంతే. పసివాళ్ళకు పెట్టొద్దని ఏళ్ళపాటు చెప్పారు. లండన్‌లో 640 మంది పిల్లల మీద చేసిన స్టడీ 2015లో వచ్చాక, అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పసివాళ్ళకే తొందరగా అలవాటు చేస్తే అది చాలా తగ్గుతుందని తెలిసింది.

రాతపని గురించి రెండు మాటలు చాలు. ఆ రోజుది ఆ రోజే రాయి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి పొడి సంతకం చెయ్. వైట్‌నర్ డెస్కులోనే ఉంచుకోకు. బీపీ చూడకపోతే చూడలేదని రాయి. 120/80 అని నింపెయ్యమని పక్కవాళ్ళు సలహా ఇస్తారు, నవ్వి ఊరుకో.

ముందు రోజు సాయంత్రం పేషెంటుకు ఫోన్ చెయ్. ఫైబ్రోస్కాన్‌కు (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) కనీసం మూడు గంటలు ఖాళీ కడుపుతో ఉండాలి. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చేవాళ్ళు స్టాండులో దిగగానే ఇడ్లీ తింటారు, వాళ్ళ తప్పు కాదు. స్కాన్ అయిపోయాక ఎక్కడ తినొచ్చో కూడా చెప్పు. చార్జీల డబ్బులు అదే రోజు చేతికందేలా చూడు, వోచర్ మీద సంతకం పెట్టించి వచ్చే నెల ఇస్తామంటే ఆయన మళ్ళీ రాడు. రెండు ఫోన్ నంబర్లు తీసుకో, ఒకటి ఇంటి దగ్గర కిరాణా కొట్టుదైనా సరే. రానివాళ్ళను వదిలెయ్యకు. బాగైపోయి రానివాళ్ళుంటారు, లేవలేక రానివాళ్ళుంటారు. ఎవరు ఎందుకు రాలేదో తెలియకపోతే మిగిలినవాళ్ళ ఫలితం అబద్ధం చెప్తుంది. స్టడీకి సరిపోనివాళ్ళను కూడా కూర్చోబెట్టి చెప్పు. "మీరు ఫెయిలయ్యారు" అన్న మాట రానివ్వకు. చాలామంది తమకు వైద్యమే లేదన్నారనుకుని వెళ్ళిపోతారు.

ఆదివారం మీ నాన్న ఇటు వస్తానన్నాడు కదా, నా పాత నోటుబుక్కు ఇచ్చి పంపుతాను. అందులో పేషెంట్లు తమ బాధను ఏ మాటల్లో చెప్పారో జిల్లాల వారీగా రాసుకున్నాను: కడుపు బిర్రుగా ఉంది, గుండెల్లో మంట, మనసున పడతలేదు, ఒళ్ళంతా ఈడ్చుకుపోతోంది. చివర్లో ఇరవై పేజీల దాకా ఖాళీగా ఉన్నాయి. నువ్వు విన్నవి అక్కడ రాసుకో.

నీ
పెద్దమ్మ